బ్రూగెల్ బొమ్మలో కొనడానికొచ్చినాయన

ఆర్ట్ అప్రిసియేషన్ కోర్సులో ఏదో ఒక బొమ్మ తీసుకుని అందులో ఏం జరుగుతోందో రెండు పేజీలు రాయమన్నారు. నేను పదహారో శతాబ్దపు ఫ్లెమిష్ పెయింటర్ పీటర్ బ్రూగెల్ గీసిన పెయింటరూ, కొనడానికొచ్చినాయనా ఉన్న బొమ్మ తీసుకున్నా. 1565 ప్రాంతంలో పెన్నుతో గోధుమరంగు ఇంకులో గీసింది, ఇప్పుడు వియన్నాలో అల్బర్టీనా మ్యూజియంలో ఉంది, సైజు దాదాపు మన ఏ4 కాగితమంతే.

ముందు పెయింటర్, చింపిరి జుట్టు, గడ్డం, చేతిలో కుంచె, మొహం మాత్రం ఎవరితోనో గొడవపడి వచ్చినట్టు. భుజం వెనకాల కళ్ళజోడుతో ఇంకొకాయన. వాళ్ళు చూస్తున్న పెయింటింగ్ మనకి కనపడదు, అదే తమాషా, సో చదవాల్సింది మొహాలే.

ప్రింట్ తీయించి తెల్లకాగితంతో సగం మూసి ఒక్కొక్కళ్ళనే చూశా. కొనేవాణ్ణి మూస్తే పెయింటర్ చూపు ఎక్కడో దూరంగా ఉంది, పక్కన మనిషున్నాడన్న ధ్యాసే లేదు. పెయింటర్ని మూస్తే రెండో ఆయన నోరు కొంచెం తెరిచి నిజంగానే మురిసిపోతున్నాడు, కిందకి చూస్తే చెయ్యి డబ్బు సంచి దగ్గర.

చదివినవాటిల్లో ఎక్కువమంది చెప్పేదేంటంటే ఇది కొనేవాడి మీద వెక్కిరింపు అని, ఆ కాలం బొమ్మల్లో కళ్ళజోడు చాలాసార్లు సరిగా చూడలేనివాడికి గుర్తు అని. పెయింటర్ మొహం బ్రూగెల్‌దేనా కాదా అని ఇంకో వాదన, దాని జోలికి నేను పోలేదు. వెక్కిరింపు ఉంది, కాదనను, కానీ కుంచె పెయింటర్ చేతిలో ఉంటే కొనేవాడి తరఫున మాట్లాడేదెవరు? ఇప్పటి బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో నికలాస్ యాంగెలింక్ అని ఒక వ్యాపారి, 1566 నాటికి ఆయన దగ్గర బ్రూగెల్ పెయింటింగులే 16 ఉన్నాయి, బాగా పేరున్న ఆ మంచులో వేటగాళ్ళ పెయింటింగ్ కూడా 1565లో ఆయన కోసం వేసిందే. అలాంటోళ్ళు సంచి విప్పకపోతే కుంచెలూ రంగులూ ఎక్కణ్ణుంచి వస్తాయి? నేను ఆ కళ్ళజోడాయన వైపే రాశా.

మా సార్ చదివి, ఆ చెయ్యి డబ్బులు తియ్యడానికా, ఉన్నవి జాగ్రత్తగా పట్టుకోడానికా అన్నారు. తియ్యడానికే సార్, బేరం మొదలైతే నోరు అలా తెరుచుకుని ఉండదు కదా అన్నా.