మెడ మీద ఆ చిన్న బిళ్ల

పది రోజులుగా నా చెయ్యి మాటిమాటికీ మెడ మీదకే పోతోంది. కుడివైపు దవడ కింద గోళీకాయంత బిళ్ల కట్టింది. తల తిప్పితే నొప్పి, మింగితే నొప్పి. రాత్రి ఆ వైపు దిండుకు ఆనించలేక ఎడమవైపుకే తిరిగి పడుకునేదాన్ని. నిద్ర మాత్రం ఎక్కడిది? ఎంత వద్దనుకున్నా మనసు క్యాన్సర్ దాకా వెళ్లిపోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, అదే నేను చేసిన పెద్ద తప్పు.

ఐదో రోజు ఇక ఉండబట్టలేక డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ రెండు వేళ్లతో బిళ్లను మెల్లగా అటూ ఇటూ కదిపారు. గొంతులో లైటు వేసి చూశారు, చంకల్లో కూడా తడిమారు. "ఈ వెనక పన్ను ఎప్పటి నుంచి నొప్పి?" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, రెండు వారాలుగా నేను ఆ వైపు నమలడమే మానేశానని.

పన్నులో ఇన్ఫెక్షన్ ఉంటే దాంతో పోరాడే తెల్ల రక్తకణాలు దగ్గరి లింఫ్ గ్రంథిలో, అంటే ఇన్ఫెక్షన్‌ను అడ్డుకునే చిన్న గ్రంథిలో, పెరుగుతాయట. నా మెడ మీది బిళ్ల అదే, అందుకే ఆ వాపూ నొప్పీ. నొప్పితో, మెత్తగా, వేళ్ల కింద కదిలే బిళ్ల ఎక్కువగా ఇన్ఫెక్షన్ వల్లే వస్తుందన్నారు. గట్టిగా, కదలకుండా, నొప్పి లేకుండా పెరిగేదాన్నీ, కాలర్ బోన్ పైన వచ్చేదాన్నీ మాత్రం వదిలేయకూడదు. జ్వరం, రాత్రిళ్లు చెమటలు, బరువు తగ్గడం ఉన్నా అంతే. 3 వారాల్లో తగ్గకపోతే మళ్లీ రమ్మన్నారు.

పన్నుకు వైద్యం మొదలైంది. ఈ పొద్దున వాపు కాస్త తీసినట్టే ఉంది. చెయ్యి మెడ మీదకు పోతే అమ్మ పట్టుకుని కిందికి దించుతోంది.