భీమిలి రోడ్డు, ఆర్‌ఎక్స్ బళ్ళు, మన మేస్త్రి

మన పూర్వ విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమంటే మన బ్యాచ్‌లో చాలామంది హాస్టల్ మెస్ గురించి, లెక్చరర్ల గురించి రాస్తామన్నారు. బళ్ళ గురించి ఎవరూ ఎత్తలేదు. మన నాలుగేళ్ళలో సగం సాయంత్రాలు బళ్ళ చుట్టూనే గడిచాయి కదా, అది సంచికలో లేకపోతే ఎలా అనిపించి ఇది మొదలుపెట్టాను.

1991లో వైజాగ్‌లో మనం ఇంజనీరింగ్‌లో చేరేసరికి కాలేజీ స్టాండులో ఎక్కువ సైకిళ్ళే. వాటి పక్కన లెక్చరర్ల చేతక్‌లు, హీరో హోండా సీడీ 100లు, ఒకటి రెండు లూనాలు. స్టాండు చివర వేపచెట్టు కింద మాత్రం వేరే లోకం ఉండేది. అక్కడ నాలుగైదు యమహా ఆర్‌ఎక్స్ 100లు, రెండు యెజ్డీలు, మన సీనియర్ ఒకాయన రాజ్‌దూత్ 350. యెజ్డీకి కిక్ రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే అని మొదటిసారి చూసి ఎంత ఆశ్చర్యపోయానో చెప్పలేను. కిక్ కొట్టి, అదే రాడ్డుని ముందుకి తిప్పి గేరు వేసేవాళ్ళు. సిలిండరు ఒకటే, సైలెన్సర్లు మాత్రం రెండు. రాజ్‌దూత్ 350 సంగతి ఇంకా వేరు. యమహా ఆర్‌డీ 350ని మన దేశంలో ఎస్కార్ట్స్ వాళ్ళు ఆ పేరుతో తయారు చేశారు. రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, ముప్ఫై దాకా హార్స్‌పవర్. ఆ కాలంలో రోడ్డు మీద అలాంటి బండి ఇంకోటి లేదు. పెట్రోలు తాగే తీరు చూసి మన సీనియర్ దాన్ని వారానికి ఒకరోజే బయటికి తీసేవాడు, మిగతా రోజులు తుడిచి పెట్టుకునేవాడు.

కానీ మన అందరి ప్రాణం ఆర్‌ఎక్సే. ఇప్పటి పిల్లలు కూడా ఈ సంచిక చదువుతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 1985 చివర్లో వచ్చింది ఆ బండి. ఇంజను 98 సీసీ, బోరు, అంటే సిలిండరు వెడల్పు, 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 50 మిల్లీమీటర్లు. పవర్ 11 హార్స్‌పవరే. ఇప్పుడు కాగితం మీద చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది. అయితే బండి బరువు వంద కిలోల దగ్గరే, పైగా టూ స్ట్రోక్. ఫోర్ స్ట్రోక్ ఇంజను రెండు చుట్లకి ఒకసారి మండితే ఇది ప్రతి చుట్టుకీ మండుతుంది. అందుకే ఆ పికప్. మామూలుగా వెళ్తున్నంతసేపు బుద్ధిగా వెళ్ళేది, ఆరేడు వేల ఆర్‌పీఎం దగ్గరికి రాగానే వెనకనుంచి ఎవరో తోసినట్టు దూకేది. మొదటి గేరులో క్లచ్ గబుక్కున వదిలితే ముందు చక్రం లేచేది. ఆ శబ్దం గురించి రాయడం నా వల్ల కాదు, విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

సాయంత్రం అయిదు దాటాక సిరిపురం జంక్షన్‌లో కలిసేవాళ్ళం. అక్కడినుంచి దిగువకి బీచ్ రోడ్డు. ముందు ఆర్‌కే బీచ్‌లో మురీ మిక్చర్ తినాలి, అది తప్పనిసరి. తర్వాత నెమ్మదిగా, నిజంగానే నెమ్మదిగా, లాసన్స్ బే, జోడుగుళ్ళపాలెం, కైలాసగిరి కింద మలుపు, సాగర్‌నగర్, ఋషికొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు, ఆ తర్వాత భీమిలి. ఇప్పుడున్న వెడల్పు రోడ్డు కాదు అది. ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే పక్కకి దిగాల్సిందే. రెండు వైపులా సరుగుడు తోటలు, తాటిచెట్లు, అక్కడక్కడ రోడ్డు అంచున ఎండేసిన చేపలు, వలలు. తొట్లకొండ మీద అప్పుడు పురావస్తు శాఖ వాళ్ళు తవ్వుతున్నారు, ఒకరోజు పైకి ఎక్కి చూసొచ్చాం, రెండువేల ఏళ్ళ నాటి బౌద్ధ విహారం అని అక్కడి కూలీలే మనకి చెప్పారు. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసేచోట బళ్ళు ఆపి, లైట్‌హౌస్ దాకా నడిచి, డచ్చివాళ్ళ సమాధుల పక్కనుంచి తిరిగొచ్చి, టీ తాగి, చీకటి పడ్డాక వెనక్కి.

ఈ నెమ్మది తిరుగుడే నాకు రేసులకన్నా ఎక్కువ గుర్తుంది. పదిమంది పక్కపక్కన ఇరవై ముప్ఫై వేగంలో మాట్లాడుకుంటూ వెళ్ళడం, వెనక కూర్చున్నవాడు పాట ఎత్తుకుంటే పక్క బండివాడు అందుకోవడం, ఒకడి బండి ప్లగ్గు కొట్టేస్తే అందరూ ఆగి చుట్టూ చేరడం. ఫైనలియర్‌లో ఎవరికి ఏ ఉద్యోగం, ఎవరింట్లో అప్పులు, ఎవరికి జీఆర్‌ఈ రాయాలనుంది, ఇవన్నీ హాస్టల్ గదుల్లో కాదు, ఆ రోడ్డు మీదే తెలిశాయి నాకు.

రేసులు ఆదివారం తెల్లవారుజామున. ఋషికొండ దాటాక ఒక తిన్నని ముక్క ఉండేది, ఒక తాటిచెట్టు నుంచి ఒక చిన్న కల్వర్టు దాకా. వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు, అటు చివర ఒకడు నిలబడి బస్సుగానీ మనుషులుగానీ వస్తే తువ్వాలు ఊపితే వెంటనే ఆపెయ్యాలి, పందెం డబ్బులు ఉండకూడదు, ఇవీ మన సీనియర్లు పెట్టిన నియమాలు. రుమాలు కింద పడగానే రెండు బళ్ళు దూసుకెళ్ళేవి. అరనిమిషం కూడా పట్టేది కాదు. నీలం పొగ, ఆయిల్ వాసన, అంతే, అయిపోయింది. దానికోసం ముందు వారమంతా చేసిన పని ఉందే, అసలు కథ అక్కడుంది.

డాబాగార్డెన్స్ వెనక సందులో మన బళ్ళు బాగుచేసే మేస్త్రి షెడ్డు. రేకుల కప్పు, ఒక బెంచీ, గోడకి వేలాడే పానాలు, ఒక మూల కిరసనాయిలు డబ్బాలో నానుతున్న భాగాలు. ఆయన ఎనిమిదో తరగతి దాటలేదు. మనం థర్మోడైనమిక్స్ పుస్తకాలు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. "బాబూ, ఇంజను ఎంత ఊపిరి తీసుకుంటే అంత పరిగెడతాది, ముందు అది చూడండి" అనేవాడు. టూ స్ట్రోక్ ఇంజనులో ఫోర్ స్ట్రోక్‌లో లాగా హెడ్‌లో వాల్వులు ఉండవు, సిలిండరు గోడకి ఉన్న కన్నాలే, అంటే పోర్టులే, పిస్టన్ పైకీ కిందకీ కదులుతూ వాటిని తెరుస్తుంది, మూస్తుంది. ఆయన సిలిండరు లోపల ఒక కాగితం చుట్టి పెట్టి, వేలితో నొక్కి, పోర్టుల అచ్చు తీసేవాడు. దాన్ని బెంచీ మీద పరిచి, పెన్సిల్‌తో గీత గీసి, ఎగ్జాస్ట్ పోర్టు పై అంచు ఎంత పెంచాలో చూపించేవాడు. తర్వాత సన్నటి ఆకురాయితో గంటల తరబడి గీయడం. వెంట్రుకవాసి ఎక్కువైతే కింది స్పీడులో బండి చచ్చిపోతుంది, తక్కువైతే తేడా తెలీదు. గీసిన అంచు నున్నగా లేకపోతే పిస్టన్ రింగు తగిలి విరుగుతుంది, అందుకని చివర్లో వేలు పెట్టి తడిమి చూసి గానీ వదిలేవాడు కాదు.

హెడ్, అంటే సిలిండరు పైమూత, కోయించాలంటే కంచరపాలెం లేత్ షాపుకి పంపేవాడు. హెడ్ కోస్తే కంప్రెషన్ పెరుగుతుంది, దానితోపాటు వేడి పెరుగుతుంది, కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ మార్చకపోతే పిస్టన్ కరిగి బిగుసుకుపోతుంది. జెట్ సరిపోయిందా లేదా అనేది ప్లగ్గు చెప్పేది. పూర్తి స్పీడులో ఉండగా ఇంజను ఆపేసి, క్లచ్ పట్టుకుని బండి ఆపి, ప్లగ్గు ఊడదీసి చూడాలి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదని, నల్లగా తడిగా ఉంటే ఎక్కువైందని, కాఫీపొడి రంగులో ఉంటే సరిగ్గా ఉందని. ఇది మన ల్యాబులో ఎవరూ నేర్పలేదు. ఐసీ ఇంజన్స్ క్లాసులో స్కావెంజింగ్ పాఠం, అంటే కాలిన పొగని బయటికి తోసి కొత్త గాలి నింపడం గురించి, వచ్చినరోజు మన వెనక బెంచీవాళ్ళందరం ఒక్కసారి నిటారుగా కూర్చున్నాం గుర్తుందా? టూ స్ట్రోక్ సైలెన్సర్ మధ్యలో ఉబ్బి చివర సన్నబడేది ఊరికే కాదు, బయటికి వెళ్ళిన పీడన తరంగం ఆ సన్నబడేచోట తగిలి వెనక్కి వచ్చి, తప్పించుకుపోబోతున్న పచ్చి పెట్రోలు గాలిని మళ్ళీ సిలిండరులోకి నెడుతుంది అని సార్ బోర్డు మీద వేసి చూపించారు. ఆ సాయంత్రమే మేస్త్రికి చెప్పాం. ఆయన కాసేపు ఆలోచించి, "అందుకే మరి, ఖాళీ గొట్టం తగిలిస్తే శబ్దం వస్తాది గానీ బండి కదలదు" అన్నాడు. సార్ చెప్పిందీ ఆయన చెప్పిందీ ఒకటే. ఆ రోజు నుంచి నాకు చదువు మీద నమ్మకం కలిగింది, ఇది మనస్ఫూర్తిగా రాస్తున్నాను.

దెబ్బలు తగలలేదని రాయను. మన బళ్ళన్నిటికీ ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. రాజ్‌దూత్ 350కి కూడా ముందు డిస్క్ ఇవ్వకుండా డ్రమ్మే పెట్టారు, అంత వేగానికి అది చాలదు. థర్డియర్ చలికాలంలో వేరే కాలేజీ కుర్రాడు కైలాసగిరి కింద మలుపులో ఇసుక మీద జారి పడ్డాడు. కాలు రెండుచోట్ల విరిగింది. మన వాళ్ళే ఒక చేపల వ్యాను ఆపి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. హెల్మెట్ లేదు, తలకి తగలకపోవడం అదృష్టం. అతను ఒక ఏడాది కాలేజీ పోగొట్టుకున్నాడు, వాళ్ళమ్మగారు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏడవడం మనలో చాలామంది చూశాం. ఆ వారమే సీనియర్లు తాటిచెట్టు దగ్గర అందర్నీ పిలిచి ఇక్కడ రేసు ఇంక లేదని తేల్చేశారు. తర్వాత పోలీసులు కూడా వరసగా బళ్ళు ఆపి సైలెన్సర్లు పీకించారు.

మరి ఎక్కడికి వెళ్ళాలి? అదే నా బాధ, ఇప్పటికీ. మనకి దగ్గర్లో ఉన్న రేసులంటే మద్రాసే. షోళవరంలో యుద్ధకాలం నాటి పాత విమానాల రన్‌వే మీద ఏళ్ళ తరబడి రేసులు జరిగేవి, 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చింది. మన సీనియర్ కోరమాండల్ రైలెక్కి వెళ్ళి చూసొచ్చి నెల రోజులు అదే మాట్లాడాడు. ఎనిమిది వందల కిలోమీటర్లు. బండి రైల్లో బుక్ చేసి, మేస్త్రిని వెంట తీసుకెళ్ళి, ఎంట్రీ ఫీజు కట్టి పాల్గొనే స్తోమత మనలో ఎవరికుంది?

అమెరికాలో డెట్రాయిట్‌కి వచ్చాక ఈ బాధ ఇంకా పెరిగింది. కార్ల కంపెనీల పుణ్యమా అని ఇక్కడ నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు తెలుగువాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ అని జరుగుతుంది, 1995లో మొదలైంది, సరిగ్గా మనం కాలేజీ వదిలిన ఏడాది. దాదాపు పదహారు మైళ్ళ రోడ్డు, ఇంచుమించు ఆర్‌కే బీచ్ నుంచి భీమిలి అంత. వేల కొద్దీ పాత కార్లు, అన్నీ నెమ్మదిగా. 1932 ఫోర్డులు, మడ్‌గార్డులు పీకేసి, పైకప్పు కోసి కిందకి దించి, ఎనిమిది సిలిండర్ల ఫ్లాట్‌హెడ్ వీ8 ఇంజను బయటికి కనపడేలా పెట్టినవి. వాటినే హాట్ రాడ్‌లు అంటారు. పక్కన మడత కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఒకరు, డెబ్బై దాటిన మనిషి, పద్దెనిమిదేళ్ళ వయసులో ఇదే రోడ్డు మీద రాత్రిళ్ళు సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి పందేలు వేసేవాళ్ళమని, పగలు కార్ల కంపెనీల్లో పనిచేసే ఇంజనీర్లు కూడా రాత్రి వచ్చేవాళ్ళని చెప్పారు. తన ఇంజనుకి పోర్టులు తనే గీసుకున్నానని చెయ్యి ఆడించి చూపించారు. అదే కదలిక, మన మేస్త్రిది. నేను ఆర్‌ఎక్స్ గురించి, కాగితం అచ్చు గురించి చెబితే ఆయన కుర్చీ నా వైపు తిప్పుకుని మొత్తం విన్నారు, బోరెంత, స్ట్రోకెంత అని అడిగారు.

వీళ్ళ కుర్రాళ్ళు కూడా రోడ్ల మీద చచ్చినవాళ్ళే. కాకపోతే 1951లో వాలీ పార్క్స్ అనే ఆయన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టి, కుర్రాళ్ళని రోడ్డు మీదనుంచి తప్పించి ఒక చోటు చూపించాలని పట్టుబట్టాడు. 1953లో కాలిఫోర్నియాలోని పొమోనాలో సంతమైదానం పార్కింగ్ స్థలంలో వాళ్ళ మొదటి రేసు జరిగింది, అక్కడి పోలీసులే సాయం చేశారు. అది చదివినప్పుడు నేను చాలాసేపు అలా కూర్చుండిపోయాను. వైజాగ్‌లో మనకి కావలసింది పావు మైలు తిన్నని ఖాళీ స్థలం, ఒక అంబులెన్సు, హెల్మెట్ లేనివాణ్ణి గీత దగ్గరికి రానివ్వని ఒక పెద్దమనిషి. అంతే. ఇప్పుడు కూడా ఆ రోడ్డు మీద రాత్రిళ్ళు 200 సీసీ, 400 సీసీ బళ్ళతో పిల్లలు పడుతూనే ఉన్నారు. మన పూర్వ విద్యార్థుల్లో మున్సిపాలిటీలో, పోలీసులో, పోర్టులో పెద్ద హోదాల్లో ఉన్నవాళ్ళున్నారు. ఈసారి కలిసినప్పుడు ఆడిటోరియంకి ఏసీలు పెట్టించే విషయంతో పాటు దీన్ని కూడా మాట్లాడదాం, నా వాటా డబ్బు నేనిస్తాను.

ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది. పొగ నిబంధనలు గట్టిపడేకొద్దీ టూ స్ట్రోకులన్నీ పోయాయి, గాలి సంగతి చూస్తే పోవడమే మంచిది. ఇప్పుడు బాగుచేసిన పాత బండి లక్ష దాటి పలుకుతోంది. మన గ్రూపులో ముగ్గురి దగ్గర ఇంకా ఉన్నాయి, డిసెంబరులో కలిసేటప్పుడు తీసుకురావాలని ముందే చెబుతున్నాను.

ఇంకో మాట, కమిటీకి. మన మేస్త్రి షెడ్డు ఇప్పుడు ఆయన కొడుకు నడుపుతున్నాడు, పెద్దాయన మధ్యాహ్నాలు వచ్చి కూర్చుంటాడు. గత ఏడాది వెళ్తే కళ్ళు సరిగ్గా కనపడటం లేదన్నాడు గానీ గొంతు వినగానే నన్ను బ్యాచ్‌తో సహా గుర్తుపట్టాడు. గురువులకి సన్మానం చేసే రోజు ఆయన్ని మన సార్ల వరసలో, వేదిక మీద కూర్చోబెట్టాలి. కింద ముందు వరసలో కాదు, పైన. పిలవడానికి నేను స్వయంగా వెళ్తాను, ఎవరైనా ఒక కారు ఏర్పాటు చేయండి చాలు.