మోకాలు కాదు, అంతకు ముందు అడుగు

తొమ్మిది నెలల తర్వాత ఈ రోజు శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో మళ్లీ కబడ్డీ ఆడాను. గీత దాటుతుంటే కళ్లు చెమర్చాయి.

దెబ్బ తగిలిన ఆ రోజు నన్ను ఎవరూ పట్టుకోలేదు, తోయలేదు. రెయిడ్‌లో ఎడమవైపు పరిగెత్తుతూ ఒక్కసారిగా కుడికి తిరిగాను. ఎడమ పాదం మ్యాట్‌కి అతుక్కుపోయింది, ఒళ్లు తిరిగింది, మోకాలు లోపలికి వాలిపోయింది. టప్‌మని శబ్దం. మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది.

మోకాలు బలహీనంగా ఉందనుకున్నాను. ఫిజియో ఆ వీడియోని ఆపి ఆపి చూపించాక అర్థమైంది. దిశ మార్చే అడుగు కంటే ముందు అడుగులోనే వేగం తగ్గించుకోవాలట. నేను ఆ బరువంతా చివరి కాలి మీద పడేశాను. పైగా ఆ కాలు దాదాపు నిటారుగా ఉంది! మోకాలు వంగి ఉంటేనే తొడ వెనక కండరాలు కింది ఎముకను ముందుకు జారకుండా బాగా లాగి పట్టుకోగలవు. లేకపోతే భారం లిగమెంట్ మీదికే.

ఇన్నేళ్లలో వేగంగా పరిగెత్తడమే నేర్పారు నాకు. ఆగడం ఎవరూ నేర్పలేదు. ఆ బాధ ఇంకా ఉంది.

అందుకే గ్రౌండ్‌లో పిల్లలు "అన్నా, రెయిడ్ చూపించవా" అంటే, ముందు నడుం దించి రెండడుగుల్లో ఆగడం చేయించాను. మోకాలు పాదం వేళ్ల వైపే ఉండాలని పక్కన కూర్చుని చూశాను. రేపూ ఆరింటికే రమ్మన్నాను.