పరంగిమలై మెట్ల మీద

శనివారం. పొద్దున్న ఐదున్నరకల్లా పరంగిమలై కింద ఉన్నాను. బోర్డుల మీద సెయింట్ థామస్ మౌంట్ అని ఉంటుంది గానీ చెన్నైలో మా ఆదంబాక్కంలో ఎక్కువగా పరంగిమలై అనే అంటారు. సుమారు 300 అడుగుల గుట్ట, 130 పైచిలుకు మెట్లు, పైన చర్చి. నేను ఎక్కాల్సింది 5,895 మీటర్ల కిలిమంజారో, ఇంకా నలభై రోజులుంది. సముద్రం పక్కన ఉన్న ఊళ్ళో ఇంటి దగ్గర దొరికే కొండ ఇదే కాబట్టి ఇదే పదిసార్లు ఎక్కి దిగుతున్నాను.

బ్యాగులో రెండు లీటర్ల నీళ్ళ సీసాలు నాలుగు. ఐదోసారి పైకెళ్ళాక నీళ్ళన్నీ చెట్లకు పోసేశాను. ఎక్కేటప్పుడు బరువుంటే మంచిదే, దిగేటప్పుడు ఆ దెబ్బంతా మోకాళ్ళ మీద పడుతుంది.

ఇన్నాళ్ళూ టైమ్ చూసుకుంటూ గబగబా ఎక్కేదాన్ని, నిన్న ఫోన్లో గైడ్ అది విని వద్దన్నాడు. వాళ్ళు కొండ మీద రోజంతా చెప్పే మాట 'పోలె పోలె' అట, స్వాహిలీలో మెల్లగా మెల్లగా అని. పైన గాలిలో ఆక్సిజన్ శాతం ఏమీ మారదు, గాలి ఒత్తిడే తగ్గిపోతుంది, శిఖరం దగ్గరికొచ్చేసరికి ఇక్కడున్న దాంట్లో సగమే, అందుకని ఒళ్ళు అలవాటు పడటానికి రోజులు పడుతుంది. మేం వెళ్ళే మచామె దారిలో మూడోరోజు లావా టవర్ దాకా, అంటే దాదాపు 4,600 మీటర్లు ఎక్కించి, పడుకోవడానికి మళ్ళీ నాలుగు వేల లోపుకి దించుతారు. ఎంత బలం ఉన్నా తొందరపడితే తలనొప్పి, వాంతులు.

ఇవాళ మెల్లగా ఎక్కుదామని చూస్తే అదే కష్టమైంది, కాళ్ళు వాటంతటవే పరుగెడుతున్నాయి. అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు అలిపిరి నుంచి తిరుమలకు నడిచాం, మొక్కు ఉందని అమ్మ 3,550 మెట్లకూ వంగి పసుపు రాసి కుంకుమ పెట్టుకుంటూ వచ్చింది. నేనేమో ముందు పరుగెత్తి గాలిగోపురం దగ్గర కూలబడ్డాను. అమ్మ ఎంతోసేపటికి వచ్చింది, నుదుటి మీద చెమట, వేళ్ళు పసుప్పచ్చగా, ఊపిరి మాత్రం మామూలుగానే ఉంది. వచ్చీరాగానే "నీళ్ళు తాగావా?" అని అడిగింది.

ఆరోసారి నుంచి ప్రతి మెట్టు దగ్గరా ఒక క్షణం ఆగాను, వంగి బొట్టు పెడుతున్నట్టే. పైకొచ్చాక ఆయాసం లేకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగాను.

సాయంత్రం డాక్టరు దగ్గరికి. ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడటానికి వేసుకునే డయామాక్స్ మాత్రలు రాసే ముందు సల్ఫా మందులు పడతాయా అని అడిగారు, వేళ్ళు తిమ్మిరెక్కవచ్చని చెప్పారు. తలనొప్పి వస్తే గైడ్ దగ్గర దాచొద్దని, ఎక్కువైతే దిగిపోవడమే అసలు మందని మరీ మరీ చెప్పారు.

ఇంటికొచ్చి గోళ్ళు కత్తిరించుకుని బూట్లు తొడిగాను. దిగేటప్పుడు బొటనవేలు ముందుకు గుద్దుకోకుండా మడమ బాగా వెనక్కి జరిపి, చీలమండ దగ్గర లేసు రెండుచుట్లు వేసి బిగించాలి. మూడోసారికి కుదిరింది.

అమ్మకు ఫోన్ చేశాను. వచ్చే వారం వస్తానంది, నాతో పరంగిమలై ఎక్కుతుందట.