మేనల్లుడి కౌబాయ్ రివాల్వర్

టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడికి గ్రీన్‌కార్డు వచ్చినప్పటి నుంచి ఒకటే గోల: "మావయ్యా, షూటింగ్ రేంజ్‌లో సరదాగా కాల్చుకోడానికి కౌబాయ్ రివాల్వర్ కొంటాను, ఏది తీసుకోమంటావ్?" విశాఖ డాక్‌యార్డ్‌లో ఫిట్టర్‌గా రిటైరైనవాణ్ణి కదా, ఇనుముతో చేసిందేదైనా నాకు తెలుస్తుందని వాడి నమ్మకం. నేను పేల్చేది ఆర్కే బీచ్‌లో బెలూన్ల మీద ఎయిర్‌గన్ మాత్రమే!

కౌబాయ్ సినిమాల్లో కనిపించే 1873 నాటి అసలు కోల్ట్ కంపెనీ రివాల్వర్ వాడి జీతానికి అందదు. అందుకే ఇటలీలో ఉబెర్టీ, పియెట్టా కంపెనీలు చేసే నకళ్లు చూశాం. నేను .357 మాగ్నమ్ అనే సైజు తూటా పేల్చేది తీసుకోమన్నాను. అందులో .38 స్పెషల్ తూటాలూ పడతాయి. ఖర్చు తక్కువ, చేతికి కుదుపూ తక్కువ. వాడి మనసేమో .45 కోల్ట్ అనే లావు తూటా మీద ఉంది. సినిమా మోజు. తూటాల బిల్లు చూస్తే అదే దిగుతుంది.

షాపు నుంచి వీడియో కాల్ చేశాడు. సిలిండర్‌లో (తూటాలు పెట్టే గుండ్రటి తిరుగుడు భాగం) ప్రతి తూటా గదీ ఖాళీగా ఉందని చూపించాక, హ్యామర్‌ని (వెనక ఉండే సుత్తిలాంటి భాగం) మెల్లగా వెనక్కి లాగమన్నాను. క్లిక్కులు ఒక్కొక్కటీ విడిగా వినపడాలి. హ్యామర్ పూర్తిగా నిలబడ్డాక సిలిండర్‌ని వేలితో కదిపితే లొడలొడలాడకూడదు. మొదటిది ఆడింది, పక్కన పెట్టించాను. రెండోది బిగువుగా ఉంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాను. పాత పద్ధతి వాటిలో ఆరు గదులున్నా ఐదే నింపాలి, హ్యామర్ ఖాళీ గది మీద ఆనాలి. లేకపోతే కిందపడినప్పుడు పేలొచ్చు. రూగర్ కంపెనీ వకేరో రివాల్వర్‌లో ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ దెబ్బని తూటా వైపు చేరవేసే పట్టీ) ఉంటుంది కాబట్టి ఆ బెంగ లేదు. ఆ మాట వినగానే పక్కనే ఉన్న మా చెల్లి ఫోన్ లాక్కుని "అదే కొనరా" అంది. నా ఓటూ దానికే. వాడికేమో అది అచ్చం పాతదానిలా లేదట!