మానుకోట టిక్కీలు, గుంటూరు యార్డు

2025 మార్చి మొదటి వారంలో మా చిన్నాయన మిర్చి అమ్మడానికి ఆయనతో పాటు గుంటూరు వెళ్లాను. మాది మానుకోట, అంటే మహబూబాబాద్, దగ్గర పల్లెటూరు. మామూలుగా ఖమ్మమో, వరంగల్ ఏనుమామూల మార్కెట్టో తోలతాం. ఈసారి రెండు చోట్లా రేటు బాగా పడిపోయింది, గుంటూరులో తేజా రకం మిర్చికి కాస్త నయంగా ఉందని ఎవరో చెప్తే ఊళ్లో నలుగురు రైతులు కలిసి డీసీఎం వ్యాను మాట్లాడుకున్నారు. చిన్నాయనకి కళ్లు సరిగా ఆనవు, కాటా చీటీ చదవడానికి ఒకరుండాలని నేను హైదరాబాద్ నుంచి సెలవు పెట్టుకుని వచ్చాను. ముప్పై ఐదేళ్లొచ్చినా నేను అప్పటిదాకా ఆ వైపు కృష్ణ దాటలేదు. రాత్రి విజయవాడ వారధి మీద నుంచి ప్రకాశం బ్యారేజీ లైట్లు చూస్తుంటే లోపల కొంచెం టెన్షన్‌గానే ఉంది. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

మిర్చి యార్డులో దిగగానే ముందు తగిలేది ఘాటు. రెండు నిమిషాల్లో దగ్గు పట్టుకుంది. ఎక్కడ చూసినా టిక్కీలే, అంటే మిర్చి బస్తాలే, లైట్ల కింద ఎర్రటి దుమ్ము లేస్తోంది, హమాలీలు కేకలేస్తూ దించుతున్నారు. చెమట తుడుచుకోబోయి అదే చేత్తో కన్ను రుద్దుకున్నాను. ఇక మంట తట్టుకోలేక కింద కూర్చుండిపోయాను. పక్క లాటు దగ్గర లుంగీ కట్టుకున్న పెద్దాయన లేచొచ్చి "నీళ్లు కొట్టమాకబ్బాయ్, ఇంకా మండుద్ది" అని, చిన్న సీసాలోంచి కొబ్బరినూనె గుడ్డకి అద్ది కంటి చుట్టూ మెల్లగా తుడిచాడు.

తర్వాత అడిగాడు, ఏ ఊరని. చిన్నాయన చెప్పాడు.

"మానుకోటా? రాళ్లేసిన మానుకోటేనా?"

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, 2010 మే 28న మా రైల్వే స్టేషన్‌లో జరిగింది ఆయన గుర్తుపెట్టుకున్నాడు. ఆంధ్ర నాయకుడొకరి ఓదార్పు యాత్రని ఆపాలని జనం పట్టాల మీదికొచ్చారు, రాళ్లు పడ్డాయి, కాల్పులు జరిగాయి. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఆ రోజు స్టేషన్ బయట గుంపులో ఉన్నాను. నా టెన్షన్ అదే, ఎవరైనా ఇలా అడిగితే ఏం చెప్పాలా అని. అబద్ధం ఆడబుద్ధి కాలేదు. ఉన్నానని చెప్పాను.

ఆయన కోపగించుకోలేదు, కానీ మాట ఆపేశాడు. ఆ నిశ్శబ్దం చాలాసేపు నడిచింది. చిన్నాయన టిక్కీల మీద గొంగడి పరుచుకుని గురక పెడుతున్నాడు. చివరికి పెద్దాయనే మొదలుపెట్టాడు. వాళ్లది సత్తెనపల్లి దగ్గర ఊరు. కొడుకు అప్పుడు కూకట్‌పల్లిలో అద్దె గదిలో ఉండేవాడట. బస్సులో నోరు తెరిస్తే యాస తెలిసిపోతుందని కండక్టరుకి చిల్లర చేతిలో పెట్టి వేలితో చూపించేవాడట. "రోజూ రాత్రి ఫోను చేసి ఇంటికొచ్చావా అని అడిగేదాన్ని అంటది మా ఆవిడ, ఇప్పటికీ."

ఆ మాట నన్ను కదిపేసింది. ఎందుకంటే నాదీ అదే కథ, తిరగేసి. ఇంటర్‌లో మా లెక్చరర్ ఒకాయన నేను మా యాసలో 'వస్తున్న' అంటే క్లాసంతా వినేలా నాలాగే అని చూపించేవాడు, అందరూ నవ్వేవాళ్లు. రెండేళ్లు నేను క్లాసులో నోరెత్తలేదు. ఇది ఆయనకి చెప్పాను. మీ అబ్బాయి పడ్డదానికి ఇది జవాబని కాదు, నేను ఆ గుంపులోకి ఎందుకెళ్లానో తెలియాలని. రాష్ట్రం రావడం న్యాయమేనని ఇప్పటికీ నా నమ్మకం, అదీ చెప్పాను. హైదరాబాద్ అందరూ కలిసి పెంచిన ఊరు, పోయిందంటే కడుపు రగులుద్దని ఆయనన్నాడు. అక్కడ ఇద్దరం ఒక్క అంగుళం జరగలేదు. కానీ కూకట్‌పల్లి బస్సులో ఆ కుర్రాణ్ని నేను అంతకుముందు ఒక్కసారీ ఊహించుకోలేదు.

అర్ధరాత్రి దాటాక ఆయన మా టిక్కీ మూతి విప్పి గుప్పెడు కాయలు తీశాడు. ఫోన్ లైటు వేసి చూస్తూ తెల్లబారిన కాయలు రెండు పక్కన పెట్టి "దీన్ని మీరేమంటారు?" అన్నాడు.

"తాలు."

"మేమూ తాలే అంటాం."

ఇక తెల్లారేదాకా మిర్చి మాటలే. 2022 జనవరిలో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు చిన్నాయన మూడెకరాల తోట దున్నించేశాడు. పువ్వు కోసి అరచేతిలో దులిపితే నల్లటి నలకలు పాకేవి, ఏ మందు కొట్టినా పోలేదు, పూత మొత్తం రాలింది. ఇదంతా చెప్తుంటే ఆయన తన అరచెయ్యి తెరిచి రెండో చేత్తో తట్టి చూపించాడు, అచ్చం చిన్నాయన తట్టినట్టే. వాళ్లదీ అదే ఏడు పోయింది. పైగా ఆయనది కౌలు, పంట పోయినా కౌలు కట్టాల్సిందే.

ఫిబ్రవరిలో కేంద్రం ఆంధ్ర మిర్చికి క్వింటాలుకి 11,781 రూపాయల ధర ప్రకటించింది కదా, అది మాకు రాదని చిన్నాయనకి బాధ. లేచి కూర్చుని అదే అన్నాడు. పెద్దాయన విని "పొలం నా పేరున లేదన్నా, కాగితం ఎవరిస్తారు? నాకూ రాదు" అన్నాడు. చిన్నాయన ఇంకేం అనలేదు, బీడీ కట్ట తీసి ఆయన ముందు పెట్టాడు.

పొద్దున కొనేవాళ్లు వచ్చారు. టిక్కీలో చెయ్యి దూర్చి అడుగునుంచి తీసి, విరిచి, వాసన చూసి, తాలు ఎక్కువుందని మాది 10,400 అన్నారు. మేం సరేననబోతుంటే పెద్దాయన తన లాటు వదిలేసి వచ్చి, రాత్రంతా చూశాను, పైన రెండు టిక్కీలే అలా ఉన్నాయి, మిగతావి విప్పించి చూడండి అని పట్టుబట్టాడు. విప్పించారు. 11,200కి తెగింది. ఆయన మాత్రం ఆ రేటుకి అమ్మనని తన సరుకు కోల్డ్ స్టోరేజీకి పంపేశాడు.

చీటీ నేనే చదివాను. బయల్దేరే ముందు టీ తాగుతూ నంబర్లు తీసుకున్నాం.

ఉగాది రోజు ఫోన్ చేశాడు. చిన్నాయన స్పీకర్ పెట్టాడు. పచ్చడి అయిందా, ఎండలెలా ఉన్నాయి, కోల్డ్ స్టోరేజీలో సరుకు ఇంకా కదల్లేదు, ఇవే కబుర్లు. చివర్లో "నేను ఈసారి ఎకరం తగ్గించి మొక్కజొన్న వేద్దామనుకుంటన్నా, మీరేమేస్తన్నారు?" అన్నాడు. చిన్నాయన నా వైపు చూసి, "ఇంకా అనుకోలేదన్నా, నువ్వు ఇత్తనం తెచ్చే ముందు ఒకసారి చెప్పు" అన్నాడు.