పావలా, చారాణా

ఆదివారం, రాత్రి పదిన్నర

పొద్దున టిఫిన్లు అయ్యాక హార్లిక్స్ సీసాలో దాచిన డబ్బు మంచం మీద పోసి లెక్కపెట్టాను. 4,800 రూపాయలు. నెలకు 800 చొప్పున ఆరు నెలలు. జీతం పడగానే పాలకి, స్కూల్ వ్యానుకి, చిట్టీకి తీసినట్టే పాత నాణేలు కొనడానికీ తీసి పెడతాను. అంతకు మించి తియ్యను. ఈ నియమం ఇంట్లో ఎవరూ పెట్టలేదు, నేనే పెట్టుకున్నాను.

ఈ ఆరు నెలలూ ఒక్కటీ కొనలేదు. చార్మినార్ రూపాయి కోసం ఆగాను.

ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంనాటి వెండి రూపాయి అది. ఒకవైపు నిండుగా చార్మినార్. మధ్య ద్వారంలో ఉర్దూ అక్షరం 'ఐన్' ఉంటుంది, ఉస్మాన్ పేరులో మొదటి అక్షరం. వాళ్ళ నాన్నగారు మహబూబ్ అలీ ఖాన్ వేయించిన వాటిలో అదే చోట 'మీమ్' ఉంటుంది. రెండో వైపు ఊరి పేరు 'ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్' అని. మంచి ఘడియలో పునాది పడిన ఊరు అన్నమాట. బరువు 11.18 గ్రాములు, అందులో వెండి నూటికి 81.8 పాళ్ళు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ నాణేన్ని మాత్రం ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదు.

శుక్రవారం సాయంత్రం నాణేల షాపాయన ఫోన్ చేశారు. "అమ్మా, మీరడిగిన చార్మినార్ రూపాయి వచ్చింది. మంచి పీసు. 4,500 అంటున్నారు, మీకోసం పక్కన పెట్టాను." అప్పటినుంచి ఒకటే ఆలోచన. నిన్న పదో తరగతి పేపర్లు దిద్దుతూ కూడా అదే. ఆరు నెలల డబ్బు ఒక్క నాణేనికి పెట్టెయ్యాలా అని.

మొదట్లో నాకు ఇంత ఆలోచన లేదు. ఎనిమిదేళ్ళ కిందట మొదలుపెట్టినప్పుడు కనిపించిందల్లా కొన్నాను. విదేశీ నాణేలు కిలో లెక్కన అమ్ముతుంటే అరకిలో తెచ్చాను. అవి ఇప్పటికీ బిస్కట్ డబ్బాలో ఉన్నాయి. ఒక్కదాని గురించీ నాకు చెప్పడానికి ఏమీ లేదు. రాగి కాణీలు, అంటే పావు అణా బిళ్ళలు, నల్లగా ఉన్నాయని చింతపండు పెట్టి పూజ చెంబులు తోమినట్టు తోమాను. తళతళ మెరిశాయి. నెల తిరక్కుండా మచ్చలు తేలాయి. ఏళ్ళ తరబడి పట్టిన ఆ ముదురు రంగే రాగికి రక్ష అనీ, తోమిన నాణేన్ని తెలిసినవాళ్ళు ఎవరూ కొనరనీ తర్వాత తెలిసింది. మొత్తం ఆరు కాణీలు. మా నాయనమ్మ పెట్టెలోవి. డబ్బు పోయినందుకు కాదు గాని, వాటిని చూస్తే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

అన్నిటికన్నా గట్టి దెబ్బ 1862 విక్టోరియా రూపాయి. ఫుట్‌పాత్ మీద ఒకాయన దగ్గర 1,500 పెట్టి కొన్నాను. మర్నాడు బంగారం షాపులో తూయిస్తే 9.8 గ్రాములే వచ్చింది. అసలు రూపాయి సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు తూగాలి. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పకుండా వంటింట్లో కూర్చున్నాను. తర్వాత రెండు నెలలు నాణెం జోలికి పోకుండా గ్రాములో వందో వంతు దాకా చూపించే చిన్న తూకం మిషన్, పదింతలు చేసి చూపించే భూతద్దం కొన్నాను. నేను పెట్టిన ఖర్చులన్నిటిలో మంచి ఖర్చు ఆ రెండే. అవి బ్యాగులో లేకుండా ఇప్పుడు ఏ షాపుకీ వెళ్ళను.

అసలు నేను ఏం పోగుచేస్తున్నానో నాకు తెలిసింది మాత్రం ఇంట్లో మాటల వల్ల.

మా పుట్టిల్లు తెనాలి. నాయనమ్మ లెక్కంతా దమ్మిడీ, కాణీ, అర్ధణా, అణా, బేడ, పావలా. "దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అని తాతయ్యని రోజుకోసారి అనేది. అత్తగారిది నల్లగొండ దగ్గర పల్లె. అత్తమ్మ నోట్లో చారాణా, ఆఠాణా, బారాణా, అంటే నాలుగు, ఎనిమిది, పన్నెండు అణాలు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ 'హాలీ', 'కల్దార్' అంటుంటే నాకు బొత్తిగా అర్థమయ్యేది కాదు. హాలీ సిక్కా అంటే నిజాం డబ్బు. కల్దార్ అంటే ఇంగ్లీషువాళ్ళ రూపాయి, మిషన్ మీద అచ్చయింది కాబట్టి ఆ పేరు. ఆరు కల్దార్ రూపాయలకి ఏడు హాలీ రూపాయలు. పుట్టింటికీ అత్తింటికీ మధ్య నాలుగైదు గంటల బస్సు దారి. ఆ రోజుల్లో మా తెనాలి వాళ్ళు ఆ దారిన వెళ్తే మధ్యలో రూపాయే మారిపోయేది.

అది తెలిసిన రోజున నా ట్రేలో రెండు వరసలు పెట్టాను. పైవరస నాయనమ్మది, కిందవరస అత్తమ్మది. నాయనమ్మ నోటి నుంచి విన్న ప్రతి మాటకీ పైవరసలో ఒక నాణెం, అత్తమ్మ మాటకి కిందవరసలో ఒకటి. దమ్మిడీ అంటే 'వన్ ట్వెల్త్ అణా' అని రాసి ఉండే చిన్న కంచు బిళ్ళ. చిల్లుకాణీ యుద్ధకాలంలో లోహం మిగల్చడానికి 1943 నుంచి 1947 దాకా వేసింది. పిల్లల మొలతాడుకి కట్టేవాళ్ళని నాయనమ్మ చెప్పేది. బేడ అంటే రెండణాలు, 1918 నుంచి వచ్చిన నలుచదరపు రాగి-నికెల్ ముక్క. ఇవి ఏవీ వంద రూపాయలు దాటలేదు. అలా నాలుగేళ్ళలో పైవరస దాదాపు నిండింది, పావలా ఒక్కటే ఖాళీ. కిందవరసలో సగానికి సగం గళ్ళు ఖాళీ.

ఈ రెండు వరసల్లో పట్టనిదేదీ కొనకూడదు అనుకున్నాక చాలా సుఖంగా ఉంది. పోయిన నెల ఒకాయన శాతవాహనుల సీసపు నాణేలంటూ గుప్పెడు చూపించాడు. కోటిలింగాల, పెద్దబంకూరు తవ్వకాల్లో దొరికిన శాతవాహన నాణేల గురించి చదివినప్పటినుంచి నాకు వాటి మీద ఎంతో ప్రేమ. కానీ ఎక్కడ తవ్వారో, ఎవరు తెచ్చారో చెప్పలేని నాణెం నా ఇంట్లో వద్దు. పొలంలో దొరికినదైతే సర్కారుకి చెప్పాలి, దొరకనిదైతే నకిలీ కావచ్చు. వాటిని మ్యూజియంలో అద్దం ఇవతల నించొని చూడటమే నాకు ఇష్టం.

బయల్దేరబోతుంటే మా పిన్నమ్మ కొడుకు ఫోన్. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ళకి లక్షలు ఇస్తారట, రిజిస్ట్రేషన్ కింద ముందు కొంత కట్టాలట, కట్టమంటావా అక్కా అని. వద్దురా నాన్నా అని గట్టిగా చెప్పాను. రిజర్వ్ బ్యాంకు 2021లోనే ఇలాంటి మోసాల గురించి హెచ్చరించింది. పాత నాణేలు కొనడం, అమ్మడం తమ పని కాదనీ, తమ పేరుతో ఎవరైనా ఛార్జీలు అడిగితే నమ్మొద్దనీ. ఆ బిళ్ళ ఖర్చు పెట్టుకో, కాదంటే దాచుకో, ఎదురు డబ్బు మాత్రం కట్టకు అన్నాను. విన్నాడనే అనుకుంటున్నాను.

షాపులో రూపాయి చేతిలో పెట్టారు. అంచులు పట్టుకుని దీపం కిందికి జరిపాను. ఎంత బాగుందో. మినార్ల మీద వరసలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. ద్వారంలో ఐన్ చెక్కుచెదరలేదు. తూకం వేస్తే 11.15. అసలుదే. ఆయన 4,200కి దిగారు. నేను బ్యాగులో చెయ్యి కూడా పెట్టాను.

అప్పుడే పక్క ట్రేలో చిన్నది కనిపించింది. అదే చార్మినార్, అదే ఐన్, అదే వెండి. చారాణా. భూతద్దం పెట్టి చూస్తే రూపాయి మీద ఉన్నవన్నీ దాని మీదా ఉన్నాయి, సైజు మాత్రమే చిన్నది. తూకం 2.78. రూపాయి 11.18 అయితే అందులో పావు వంతు ఎంతుండాలో అంతే ఉంది. ధర 750.

స్టూలు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ఆయన పాపం తొందరపెట్టలేదు, టీ తెప్పించారు. వెండి ధర పెరిగినకొద్దీ రూపాయి ధరా పెరుగుతోంది. 4,200 ఇస్తే అందులో కొంత నేను వెండికే ఇస్తున్నట్టు. వెండి కావాలంటే వెండే కొనుక్కోవచ్చు. పైగా ఈ రూపాయలు బోలెడు అచ్చయ్యాయి. వచ్చే ఏడూ దొరుకుతాయి, ఆ పైయేడూ దొరుకుతాయి. నా కిందవరసలో ఖాళీగా ఉన్న గడి మీద 'చారాణా' అని రాసి నాలుగేళ్ళయింది. అత్తమ్మకి ఎనభై దాటాయి.

రూపాయి వెనక్కి ఇచ్చేశాను. ఇస్తుంటే బాధేసింది, ఆ మాట దాచను. అరచేతిలో దాని చల్లదనం బస్సు ఎక్కేదాకా అలాగే ఉంది.

చారాణా తీసుకున్నాక పావలా కూడా అడిగాను. నాకు కావలసింది 1919 నాటిది. మొదటి ప్రపంచయుద్ధం వల్ల వెండికి కరువొచ్చి, చిన్న నాణేలను వెండిలో కాకుండా రాగి, నికెల్ కలిపి వేశారు. అందులో పావలాని ఎనిమిది పలకలుగా చేశారు. 1919 నుంచి 1921 దాకా మూడేళ్ళే. దాని మీద విలువ ఇంగ్లీషుతో పాటు ఉర్దూ, హిందీ, బెంగాలీ, తెలుగుల్లో ఉంటుంది. ఒకవైపు ఐదో జార్జి బొమ్మ, తిప్పితే మన అక్షరాలు.

ఆయన దగ్గర మూడున్నాయి. ఒకటి 150, ఒకటి 450, ఒకటి 1,400. మూడోది నిన్న అచ్చయినట్టు మెరుస్తోంది. ఇదివరకైతే 150ది తీసుకుని డబ్బు మిగిలిందని సంతోషపడేదాన్ని. భూతద్దంతో చూస్తే దాని మీద రాజు బొమ్మ ఉంది, తేదీ ఉంది, తెలుగు అక్షరాలు మాత్రం నున్నగా అరిగిపోయాయి. నేను కొనేదే ఆ అక్షరాల కోసం. 450దాంట్లో అవి స్పష్టంగా చదవొచ్చు. 1,400దాంట్లోనూ అవే చదువుతాను. అందుకని మధ్యది తీసుకున్నాను.

తుఘ్రా, అంటే అలంకారంగా అల్లిన రాతముద్ర, ఉన్న నిజాం 'రెండు పై' విలువ బిళ్ళలు రెండు, 60. అట్ట హోల్డర్లు నాలుగు, 20. సర్టిఫికెట్ చేయించి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ వేయించమంటారా అని అడిగారు. చారాణా కోడికి బారాణా మసాలా అవుతుంది, వద్దన్నాను. ఖరీదైన వాటికి ఆ పని తప్పకుండా చేయించాలి, వీటికి అక్కర్లేదు. మామూలు ప్లాస్టిక్ కవర్లు మాత్రం తీసుకోలేదు. పీవీసీ కవర్లలో ఉంచిన రాగి పచ్చగా జిగురు కక్కడం నా కళ్ళతో చూశాను.

మొత్తం 1,280. సీసాలోకి 3,520 తిరిగి వెళ్ళాయి.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ బాల్కనీలో చిక్కుడుకాయలు గిల్లుతున్నారు. చేతులు తుడుచుకోమని చెప్పి అరచేతిలో చారాణా పెట్టాను. కళ్ళకి దగ్గరగా పట్టుకున్నారు. కాసేపు ఏమీ అనలేదు.

"గిది మా అవ్వ గురిగిల ఉండె" అన్నారు. "బర్రె పాలు అమ్మిన పైసలల్లకెల్లి తీసి, గీ తెల్ల చారాణలు అండ్ల ఏసేది. పెద్దక్క లగ్గానికి గురిగి పగలగొట్టిన్రు. నేను గప్పుడు శానా చిన్నగున్న. నేలమీద పడి దొర్లుతుంటె ఏరిచ్చిన."

పెళ్ళయి పంతొమ్మిదేళ్ళలో ఈ సంగతి ఆవిడ నాకు ఎప్పుడూ చెప్పలేదు. మా ఆయనకీ తెలీదట. పాప వచ్చి పక్కన కూర్చుని భూతద్దంతో పావలా మీది తెలుగు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. దీన్ని మా నాయనమ్మ పావలా అనేది, చారాణా అన్నా ఇదే అన్నాను. రెండూ ఒకటే అయితే రెండు వరసలెందుకు అని అడిగింది. వాళ్ళ నానమ్మే చెప్పారు, గిది హాలీ, గది కల్దార్ అని. ఏడుకి ఆరు లెక్క వేళ్ళ మీద చూపించారు.

రాత్రి భోజనాలయ్యాక ట్రే తెచ్చి రెండు గళ్ళూ నింపాను. నోటుబుక్కులో తేదీ, ధర, బరువు రాశాను. చారాణా పక్కన ఈసారి 'అత్తమ్మ అవ్వ గురిగి' అని కూడా రాశాను. అత్తమ్మ కుర్చీ జరుపుకొని వచ్చి కిందవరస మీద వేలు పెట్టి ఒక్కో గడీ చూస్తూ పోయారు. చారాణా పక్క గడి దగ్గర వేలు ఆగింది.

"ఆఠాణా ఎప్పుడు తెస్తవ్ బిడ్డా?"